మా మాటలతో కట్టిన ఎడారిలో మేమెక్కడ?

ఒక అమెరికన్ సైన్స్ ఫిక్షన్ నవల గురించీ, దాని మీద తీసిన సినిమాల గురించీ ముస్లిం అస్తిత్వ వ్యాసాల మధ్య ఎందుకు రాయాలి? ఈ ప్రశ్న అడిగే హక్కు పాఠకులకుంది. జవాబు సూటిగానే చెప్తాం. ఆ నవల పేరు 'డ్యూన్'. రాసినాయన ఫ్రాంక్ హెర్బర్ట్. 1965లో పుస్తకంగా వచ్చింది. అందులో మహ్దీ ఉన్నాడు. జిహాద్ ఉంది. షరీఅత్ ఉంది, ఉలేమా ఉన్నారు, ఉమ్మత్ ఉంది, హజ్ ఉంది. ఇల్మ్, ఫిఖ్, అఖల్, ఆయత్, కరామత్ ఉన్నాయి. మా ఇళ్ళల్లో నానీమాలు, దాదీమాలు పలికే మాటలన్నీ ఇరవై వేల ఏళ్ళ అవతల, మరో నక్షత్రం చుట్టూ తిరిగే ఒక ఎడారి గ్రహం మీద వినిపిస్తాయి.

ఈ నవలని ప్రేమించే వాళ్ళు ప్రపంచం నిండా ఉన్నారు. సినిమా వచ్చిన ప్రతిసారీ వాళ్ళ మధ్య పెద్ద తగాదా నడుస్తుంది. ఏది తీసేశారు, ఏది మార్చారు, ఎవరికి ఏ వేషం ఇచ్చారు అని లెక్కలు తీస్తారు. అభిమానుల తగాదా కదా అని మనం పక్కన పెట్టెయ్యొచ్చు. కానీ 2020 నుంచీ ఆ తగాదా మా నోట్లో ఉన్న ఒక మాట చుట్టూ తిరుగుతోంది. మాట మాది అయినప్పుడు తగువులో మా సాక్ష్యం కూడా ఉండాలి.

ముందు కథ రెండు మాటల్లో. అరాకిస్ అనే ఎడారి గ్రహం. అక్కడ మాత్రమే దొరికే మసాలా లేకపోతే నక్షత్రాల మధ్య ప్రయాణం ఆగిపోతుంది. అందుకే పాదిషా చక్రవర్తికీ, పెద్ద పెద్ద జమీందారీ వంశాలకీ దాని మీదే కన్ను. ఆ ఎడారిలో ఫ్రెమెన్ అనే జనం గుక్కెడు నీళ్ళని ప్రాణంగా దాచుకుని బతుకుతుంటారు. బయటి నుంచి వచ్చిన ఆట్రెయిడీస్ వంశపు కుర్రాడు పాల్ తండ్రిని పోగొట్టుకుని వాళ్ళ మధ్య తలదాచుకుంటాడు. వాళ్ళు ఎదురుచూస్తున్న మహ్దీ తనే అవుతాడు. వాళ్ళని సైన్యంగా మార్చి సింహాసనం ఎక్కుతాడు. తన పేరు మీద జిహాద్ లేచి విశ్వాన్ని కాల్చేస్తుందని అతనికి ముందే తెలుసు. ఆపాలనుకుంటాడు, ఆపలేడు. 1969లో వచ్చిన రెండో నవల 'డ్యూన్ మెస్సయ్య'లో చచ్చిపోయిన వాళ్ళ లెక్క అతనే చెప్తాడు: 6,100 కోట్లు. నాయకుణ్ణి దేవుణ్ణి చేస్తే ఏమవుతుందో చెప్పడమే హెర్బర్ట్ ఉద్దేశం. ఆ మాట ఆయన జీవితాంతం చెప్తూనే వచ్చాడు.

ఇప్పుడు మాటల సంగతి. ఉర్దూ తెలిసిన వాడు ఈ నవల చదువుతుంటే అడుగడుగునా ఎవరో తెలిసినవాళ్ళు పలకరించినట్టుంటుంది. ఫ్రెమెన్ ఊరి పెద్దని 'నాయిబ్' అంటారు. నిజాం కాలపు నాయబు తాసీల్దారుని ఎరిగిన తెలంగాణ పాఠకుడికి ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. పాల్‌కి ఫ్రెమెన్ పెట్టుకున్న ఒక పేరు 'ఉసూల్', స్తంభానికి పునాది అని. మా ఉర్దూలో ఉసూల్ అంటే బతుకుకి పట్టుగొమ్మ లాంటి నియమం. రెండో పేరు 'ముఅద్దిబ్'. పుస్తకంలో అది ఎడారి ఎలుక పేరు, పిల్లలకి బుద్ధులు నేర్పే గురువని దానికి గౌరవం. అరబ్బీలో ముఅద్దిబ్ అంటే అదబ్ నేర్పేవాడే. పాల్‌ని 'లిసాన్ అల్ గైబ్' అని కూడా పిలుస్తారు. అదృశ్యలోకపు నాలుక అని దానికి అర్థం. ఫార్సీ కవిత్వం రుచి తెలిసిన వాళ్ళకి ఆ బిరుదు ఎవరిదో వెంటనే గుర్తొస్తుంది. అది షీరాజ్ కవి హాఫిజ్‌ది. 'కితాబుల్ ఇబర్' అన్న పేరు కూడా ఈ నవలలో ఉంది. అది 14వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్దూన్ రాసిన చరిత్ర గ్రంథం పేరు. ఎడారి తెగలు లేచి నగరాలని జయించడం, తర్వాత అవే మెత్తబడి పోవడం గురించి చెప్పిన మనిషి ఆయన. హెర్బర్ట్ కథ కూడా అదే దారిలో నడుస్తుంది.

ఇంకో అప్పు కూడా ఉంది. 1960లో లెస్లీ బ్లాంచ్ అనే రచయిత్రి 'సేబర్స్ ఆఫ్ పారడైజ్' అనే పుస్తకం వేసింది. 19వ శతాబ్దంలో కాకసస్ కొండల్లో రష్యన్ జారు సైన్యాలని ఏళ్ళ తరబడి ఎదిరించిన ఇమామ్ షామిల్ చరిత్ర అది. ఫ్రెమెన్ మాట్లాడే 'చకోబ్సా' భాష పేరు, వంశాల మధ్య పగకి వాడే 'కన్లీ' అనే మాట ఆ పుస్తకం నుంచి డ్యూన్‌లోకి వచ్చాయని పరిశీలకులు చూపించారు. అంటే ఫ్రెమెన్ ఊహల్లోంచి ఊడిపడలేదు. సామ్రాజ్యాలని ఎదిరించిన నిజమైన ముస్లిం జనాల చరిత్ర వాళ్ళ ఎముకల్లో ఉంది.

దీన్ని మేం చిన్న విషయంగా చూడం. సైన్స్ ఫిక్షన్ రాసే వాళ్ళ భవిష్యత్తులో మేం చాలావరకు ఉండం. రాకెట్లు ఎగురుతాయి, గ్రహాలు గెలుస్తారు, అక్కడ ఎక్కడా ఒక అబ్దుల్లా, ఒక ఫాతిమా కనిపించరు. మేం గతానికి చెందిన వాళ్ళం అన్న తీర్పు వాటిలో మాట్లాడకుండానే ఉంటుంది. 1965లో ఒక అమెరికన్ ఇరవై వేల ఏళ్ళ తర్వాత కూడా ఇస్లాం జాడలు ఉంటాయని ఊహించాడు. మతాలు కలిసిపోయి, రూపం మారిపోయి, అయినా చావకుండా ఉంటాయన్నాడు. ఫ్రెమెన్ మూలపురుషులకి ఆయన పెట్టిన పేరు జెన్‌సున్నీలు. ఆ మేరకు హెర్బర్ట్‌కి సలాం.

అయితే సలాం చెప్పి ఊరుకోలేం. నవల వెనక ఆయనే జోడించిన పదకోశంలో జిహాద్‌కి ఇచ్చిన అర్థం చూడండి: మతపరమైన క్రూసేడు, మతోన్మాదపు క్రూసేడు. అంతే. ఆ మాటలో ఉన్న ప్రయాస, ఆత్మతో పెనుగులాట, అన్యాయానికి ఎదురు నిలవడం లేవు. కథలో కూడా ఆ మాట వచ్చిన ప్రతిచోటా భయమే. మరో సంగతి. మహ్దీ వస్తాడన్న ఫ్రెమెన్ నమ్మకం వాళ్ళది కాదు. బెనె గెసెరిట్ అనే స్త్రీల మఠం ఎప్పుడో తమ అవసరానికి నాటిపోయిన కట్టుకథ అది. అంటే ఆ జనానికి సొంత విశ్వాసం కూడా లేకుండా చేశాడు. పరాయివాడు వచ్చి పరాయివాళ్ళు నాటిన కథని వాడుకుని వాళ్ళని నడిపిస్తాడు. ఇది వలస పాలకుల కుట్రని బయట పెట్టడమే అని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో నిజం ఉంది. కానీ ఆ కుట్రలో మోసపోవడం తప్ప జనానికి వేరే పని ఏమిచ్చాడు అని మేం అడుగుతాం.

ఇక సినిమాలు. 1970ల మధ్యలో చిలీకి చెందిన దర్శకుడు అలెజాండ్రో హోదొరోవ్‌స్కీ దీన్ని తీయాలని ఏళ్ళు తిరిగాడు, తీయలేకపోయాడు. ఆ తీయని సినిమా గురించే 2013లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. 1984లో డేవిడ్ లించ్ తీశాడు. ఆ సినిమా గురించి అభిమానులు ఇప్పటికీ క్షమించనిది చివరి దృశ్యం. పాల్ గెలవగానే ఎడారిలో వాన కురుస్తుంది. నవల ప్రకారం నీళ్ళు ఇసుక పురుగులకి విషం, పురుగులు చస్తే మసాలా లేదు అని వాళ్ళ అభ్యంతరం. మా అభ్యంతరం అంతకంటే పెద్దది. వాన కురవగానే పాల్ నిజంగానే దేవుడైపోయాడు. నాయకుణ్ణి దేవుణ్ణి చెయ్యొద్దు అని చెప్పడానికి పుట్టిన కథ దేవుణ్ణి చేసి హారతి ఇచ్చి ముగిసింది. 2000లో జాన్ హారిసన్ దర్శకత్వంలో టీవీ సీరియల్ వచ్చింది. దాని కొనసాగింపుగా 2003లో వచ్చిన 'చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్' రెండో, మూడో నవలల్ని కలిపి చూపించింది. డబ్బు తక్కువ, సెట్లు నాటకాల వాళ్ళవిలా ఉన్నాయని వెక్కిరించే అభిమానులు కూడా కథకి అది ఎక్కువ నమ్మకంగా ఉందని ఒప్పుకుంటారు.

తర్వాత డెనీ విల్నెవ్. మొదటి భాగం 2021లో, రెండో భాగం 2024లో వచ్చాయి. మొదటి దానికి 6 ఆస్కార్లు వచ్చాయి. అసలు తగాదా ఇక్కడే ముదిరింది. 2020లో వచ్చిన ట్రైలర్‌లో పాల్ నోట జిహాద్ అన్న మాట లేదు. దాని బదులు 'క్రూసేడ్' అన్నాడు. అభిమానులు మండిపడ్డారు. ఇస్లామిక్ అధ్యయనాల పండితుడు అలీ కర్జూ-రవరీ అదే ఏడాది అల్ జజీరాలో పాల్ నడిపింది జిహాదే కానీ క్రూసేడు కాదని వ్యాసం రాశాడు. సినిమా వచ్చేసరికి క్రూసేడు పోయి 'హోలీ వార్' వచ్చింది. పవిత్ర యుద్ధం. రెండో భాగంలోనూ అంతే. మహ్దీ ఉన్నాడు, లిసాన్ అల్ గైబ్ ఉన్నాడు, జిహాద్ మాత్రం లేదు.

ఈ విషయంలో అభిమానులు మూడు జట్లు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తీయాలి అనేవాళ్ళు ఒక జట్టు. వాళ్ళకి గ్రంథమే ప్రమాణం, అక్షరం కదిలితే పాపం. 2001 సెప్టెంబరు 11 తర్వాత ఆ మాటకి లోకంలో ఒకే అర్థం మిగిలింది, వాడితే ముస్లింలకే దెబ్బ, తీసెయ్యడమే మర్యాద అనేవాళ్ళు రెండో జట్టు. ముస్లిం అభిమానులు చాలామంది మూడో జట్టు. మా మాటని చూసి సిగ్గుపడాల్సిన పని లేదు, దాన్ని తిరిగి పెట్టండి అంటారు.

రెండో జట్టు మర్యాదని మేం నమ్మలేకపోతున్నాం. తెరమీద ఏం మిగిలిందో లెక్క పెట్టండి. ఎడారి మిగిలింది. ముఖాల మీద ముసుగులు మిగిలాయి. సజ్దా చేసినట్టు నేలకి వంగే వందలాది జనం మిగిలారు. మహ్దీ కోసం ఊగిపోయే గుంపు మిగిలింది. పైగా 'పవిత్ర యుద్ధం' అన్నది ఏమిటి? ఏ పత్రికాఫీసులోనైనా జిహాద్‌కి అనువాదంగా వాడేది ఆ మాటనే. తెలుగు డెస్కుల మీద పనిచేసిన మాకు ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. జిహాదీ అన్న ఒక్క మాట దొరికితే శీర్షిక తయారు, నేరం రుజువు కావాల్సిన పని కూడా ఉండేది కాదు. కాబట్టి ప్రేక్షకుడికి ఆ గుంపు ఎవరో చెప్పకుండానే తెలిసింది. పేరు పోయింది, అనుమానం అలాగే ఉంది. పోయిందల్లా అప్పు పత్రం. ఎవరి దగ్గర తెచ్చుకున్నారో చెప్పే ఆనవాలు చెరిగిపోయింది.

క్రూసేడు ముచ్చట అయితే మరీ విడ్డూరం. 1099లో జెరూసలేం వీధుల్లో ముస్లింలనీ యూదులనీ ఊచకోత కోసింది క్రూసేడర్లు. మా మాట వాడితే మాకు అవమానం అని, మమ్మల్ని చంపిన యుద్ధం పేరు తెచ్చి ఫ్రెమెన్‌కి తొడిగారు ఆ ట్రైలర్‌లో.

మూడో జట్టు మా వాళ్ళే అయినా వాళ్ళతోనూ ఒక పేచీ ఉంది. మాట తిరిగి పెట్టినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. హెర్బర్ట్ జిహాద్ కూడా ఇరుకైనదే అని పైన చెప్పాం. ఉర్దూలో అదే ధాతువు నుంచి 'జద్దోజెహద్' వచ్చింది. కూలి పెంచమని బీడీ కార్మికులు చేసేది జద్దోజెహద్. ఆడపిల్లని చదివించడానికి తల్లి పడే పాట్లు జద్దోజెహద్. స్వాతంత్ర్య సమరయోధుణ్ణి ఉర్దూలో ముజాహిదె ఆజాదీ అంటాం. ఈ అర్థాలేవీ నవలలో లేవు. ఒకచోట మాత్రం ఆ వెలుగు తగులుతుంది. ఫ్రెమెన్ యుద్ధనినాదంలో షుహదా అన్న మాట ఉంది. షహీద్‌కి బహువచనం, అంటే అమరులు. హెర్బర్ట్ దానికి యోధులు అని అర్థం చెప్పి, అన్యాయం మీద పోరాడేవాళ్ళు అన్న ఛాయ కూడా ఉందన్నాడు. జిహాద్‌కి ఇవ్వని న్యాయం షుహదాకి ఇచ్చాడు. అందుకే పుస్తకాన్ని ప్రమాణ గ్రంథంగా పెట్టుకోవద్దు, దానితో కూడా వాదించాలి అంటున్నాం.

భాష గురించి ఇంకో వాదన వచ్చింది. విల్నెవ్ సినిమాల్లో ఫ్రెమెన్ భాషని తయారు చేసిన డేవిడ్ పీటర్సన్ భాషాశాస్త్రం చదువుకున్న మనిషి. అన్ని వేల ఏళ్ళ తర్వాత గుర్తుపట్టగలిగే అరబ్బీ మిగలడం అసాధ్యం అన్నాడు. శాస్త్రంగా చూస్తే కాదనలేం. ఏ భాషా అంతకాలం అలాగే ఉండదు. కానీ అభిమానులు వేసిన ఎదురు ప్రశ్నకి జవాబు లేదు. పాల్ అన్న పేరు ఎలా మిగిలింది? జెస్సికా ఎలా మిగిలింది? డంకన్ ఎలా మిగిలాడు? ఇరవై వేల ఏళ్ళ తుఫానులో అరబ్బీ కొట్టుకుపోయి ఇంగ్లీషు పేర్లు మాత్రం ఇస్త్రీ మడత నలగకుండా బయటపడ్డాయి. శాస్త్రం ఒకరికే వర్తిస్తే దాన్ని శాస్త్రం అనరు. తెలుగులో 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏ.డి.'ని చూసి చాలామంది డ్యూన్‌తో పోల్చారు. ఆ సినిమాలో కాశీ, అశ్వత్థామ, కల్కి అవే పేర్లతో భవిష్యత్తులోకి వెళ్ళాయి. ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. తోచక్కర్లేదు కూడా. ఎవరి పురాణం వాళ్ళ పేర్లతో రేపటిలోకి నడవాలి. ఆ వెసులుబాటు మాకూ కావాలి.

ముఖాల సంగతి చూద్దాం. విల్నెవ్ ఎడారిని జోర్డాన్‌లోని వాదీ రమ్‌లోనూ, అబూదాబీ ఇసుక దిబ్బల్లోనూ చిత్రీకరించాడు. కెమెరా ఆ ఇసుకని ప్రేమించింది. కానీ మొదటి భాగంలో ఫ్రెమెన్ ముఖ్య పాత్రల్లో అరబ్బు, ఇరానీ మూలాలున్న నటులు లేరని విమర్శ వచ్చింది. రెండో భాగంలో ట్యునీసియా మూలాలున్న సుహైలా యాకూబ్‌కి షిషక్లీ పాత్ర దక్కింది. స్టిల్గర్‌గా స్పెయిన్ నటుడు హావియెర్ బార్డెమ్, చానీగా అమెరికన్ నటి జెండయా. వాళ్ళు బాగా చేశారు, ఆ మాటలో అనుమానం లేదు. నల్లజాతి నటులకి చోటు దొరికినందుకు మాకు సంతోషమే. ఒకరి చోటు లాక్కుని మాకిమ్మని మేం అడగం. ఇసుకనీ మాటనీ దుస్తుల్నీ తెచ్చుకున్న ఇంటి నుంచి మనుషుల్ని కూడా పిలవమంటున్నాం.

రెండో భాగంలో దర్శకుడు చేసిన పెద్ద మార్పు మరొకటుంది. నవలలో లేని ఒక చీలికని ఫ్రెమెన్ మధ్య తెచ్చాడు. ఉత్తరాది వాళ్ళు ఆలోచించేవాళ్ళు, దక్షిణాది వాళ్ళు ఛాందసులు. నవలలో పాల్‌ని వదలని చానీ సినిమాలో అతని ప్రవక్త వేషాన్ని నమ్మదు. చివరికి అతన్ని వదిలి ఇసుక పురుగు ఎక్కి వెళ్ళిపోవడానికి సిద్ధమవుతుంది. అభిమానులు దీని మీద చీలిపోయారు. చానీని పాడు చేశారని కొందరు, హెర్బర్ట్ రెండో నవల రాస్తే గానీ చెప్పలేని హెచ్చరికని ఈ పిల్ల ఒక్క చూపుతో చెప్పిందని కొందరు. మేం రెండో వాళ్ళతోనే ఉంటాం. లించ్ వానకి చానీ కోపమే సరైన జవాబు.

కానీ దానికి కట్టిన వెల కూడా చూడాలి. ఈ సినిమాలో ఆలోచించాలంటే విశ్వాసం లేకుండా ఉండాలి. నమ్మేవాడు ఆలోచించడు. స్టిల్గర్ నమ్మాడు కాబట్టి పాల్ ఏం చేసినా ఇదే గుర్తు, ఇదే మహిమ అని అరుస్తాడు, హాలు నవ్వుతుంది. మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం అని మమ్మల్ని రెండుగా కోసే కత్తి ఇదే. నమాజు చదువుకుంటూనే మౌల్వీని ప్రశ్నించే మనిషి, విశ్వాసం ఉన్నందుకే అధికారాన్ని ఎదిరించే మనిషి ఈ తెరమీద లేడు. మా చరిత్రలో అలాంటి వాళ్ళు లెక్కలేనంతమంది. ఇమామ్ షామిల్ కూడా తస్బీహ్ పట్టిన సూఫీ మార్గం వాడే. హెర్బర్ట్ అప్పు తెచ్చుకున్నది ఆ చరిత్ర నుంచే.

అన్నిటికంటే పెద్ద లోటు ఇంకోటి. దీని గురించి అభిమానుల్లో కొద్దిమందే మాట్లాడుతున్నారు. ముస్లిం అమెరికన్ రచయిత హారిస్ దుర్రానీ లాంటి వాళ్ళు 2021 నుంచీ నవల అనుబంధాల్లోకి వెళ్ళి ఈ కోణం చూపిస్తున్నారు. నవలలో ఫ్రెమెన్‌కి ఒక చరిత్ర ఉంది. వాళ్ళు ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి తరిమివేతలతో, బానిసత్వంతో వచ్చిన జెన్‌సున్నీ సంచారులు. తమకి హజ్ దక్కనివ్వలేదన్న గాయం వాళ్ళ సామూహిక జ్ఞాపకంలో ఉంది. అంటే వాళ్ళు ఇసుకలో మొలిచిన వాళ్ళు కాదు, వెళ్ళగొట్టబడిన వాళ్ళు. పెద్దతెర మీద వచ్చిన మూడు సినిమాల్లోనూ ఈ చరిత్రకి చోటు దొరకలేదు. చరిత్ర తీసేస్తే కోపానికి కారణం పోతుంది. కారణం లేని కోపాన్ని ఉన్మాదం అనడం తేలిక. ఈ పద్ధతి మాకు సినిమాల్లోనే కాదు, వార్తల్లోనూ పరిచయమే. గాయాన్ని చూపించరు, కేకని మాత్రం వినిపిస్తారు.

విల్నెవ్ మూడో సినిమాకి 'డ్యూన్ మెస్సయ్య'ని తీసుకున్నాడు. అంటే 6,100 కోట్ల శవాల లెక్క చెప్పాల్సిన కథ. ఆ యుద్ధాన్ని ఏ పేరుతో పిలుస్తారని అభిమానులు మళ్ళీ తగువు పడతారు. మేం మాత్రం వేరే ప్రశ్నలు పట్టుకుని కూర్చుంటాం. ఆ యుద్ధానికి వెళ్ళిన ఫ్రెమెన్ తల్లుల పేర్లు ఏమిటి? తిరిగి రాని కొడుకుల కోసం వాళ్ళు ఏ భాషలో ఏడ్చారు? సింహాసనం మీద కూర్చున్న పరాయి కుర్రాడి పశ్చాత్తాపానికి మూడు గంటలు ఇస్తే, అతన్ని నమ్మి మోసపోయిన జనానికి ఎన్ని నిమిషాలు ఇస్తారు? జిహాద్ అన్న మాట పలికినా, మింగినా, ఆ నిమిషాల లెక్కే మాకు కావాల్సింది.